కే2 మీదుగా డాలస్‌కి

హైదరాబాద్ నుంచి డాలస్‌కి దూరం 14,400 కిలోమీటర్లు, విమానంలో 16 గంటలు. ఫోన్‌లో రెండు ఊళ్ళ పేర్లు కొడితే చాలు, రెప్పపాటులో అంకె ప్రత్యక్షమవుతుంది. కొడుకు అమ్మకు చెబుతాడు. అమ్మ వియ్యపురాలికి చెబుతుంది. వియ్యపురాలు దానికి ఇంకో గంట తగ్గించి అపార్ట్‌మెంటు మొత్తానికీ చెబుతుంది. "ఎంతండీ, పదహారు గంటలేగా! మా రోజుల్లో కాశీ వెళ్ళడానికే రెండు రాత్రులు రైల్లో కూర్చునేవాళ్ళం."

అంకెలో తప్పు పట్టడానికి వీల్లేదు. షంషాబాద్ విమానాశ్రయం అక్షాంశ రేఖాంశాలు, డాలస్ అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, భూగోళం బొమ్మ మీద ఆ చివరా ఈ చివరా దారం బిగించి పట్టుకుంటే వచ్చే దూరం అంతే. దాన్ని గంటకు 900 కిలోమీటర్ల చొప్పున భాగిస్తే సరిగ్గా పదహారు. నాలుగో తరగతి పిల్లాడు చేసే లెక్క. ఆ లెక్కలో లేనిదల్లా విమానం ఒక్కటే.

హైదరాబాద్ నుంచి డాలస్‌కి నేరుగా వెళ్ళే విమానం లేదు. 2021 జనవరిలో ఎయిరిండియా షికాగోకి వారానికి ఒక్క విమానం మొదలుపెట్టినప్పుడు, ఆహా, ఇక అమెరికా మన పెరట్లోకి వచ్చేసిందని పత్రికలు రాశాయి. కొన్నాళ్ళు ఎగిరింది. తర్వాత ఆగిపోయింది. ఆగిపోయిన సంగతి మాత్రం మొదలైనంత పెద్ద అక్షరాల్లో రాయలేదు. అయినా ఫోన్ తన మాట మీద తాను నిలబడే ఉంది. లేని విమానం ఎన్ని గంటలకు చేరుతుందో నిమిషాలతో సహా చెప్పగల ధైర్యం ఇదివరకు మన జ్యోతిష్కులకే ఉండేది.

పోనీ, ఆ దారం వెంబడి గీసిన గీత ఎక్కడెక్కడి నుంచి వెళుతుందో చూద్దాం. ఉచితంగా చూపిస్తున్నప్పుడు చూడకపోవడం తెలుగువాడి లక్షణం కాదు. షంషాబాద్‌లో లేచిన గీత ముక్కుసూటిగా ఉత్తరానికి పోతుంది, ఓ పిసరు పడమటికి ఒరుగుతూ. పడమటి దేశానికి వెళుతూ ఉత్తరానికి పోవడమేమిటని కంగారుపడకండి, భూమి గుండ్రంగా ఉంటే ఇలాగే ఉంటుంది. నాగపూర్ దాటి, ఢిల్లీకి ఒక పక్కగా సాగి, కారకోరం కొండల్లో కే2 శిఖరం దరిదాపుల్లోకి చేరుతుంది. అది 8,611 మీటర్ల ఎత్తు, ఎవరెస్టుకు తోడబుట్టిన తమ్ముడు. అక్కణ్ణించి కజకిస్తాన్‌లో బల్కాష్ సరస్సు, ఆపైన పడమటి సైబీరియా. ఉత్తర ధ్రువానికి ఐదారు వందల కిలోమీటర్ల దూరంలో మంచు మీదుగా ప్రపంచపు నడినెత్తి దాటి, హడ్సన్ అఖాతం పక్కన కెనడాలో దిగి, అక్కణ్ణించి తిన్నగా టెక్సాస్. చెప్పుకోవడానికే ఒళ్ళు పులకరిస్తుంది. తీర్థయాత్రల కంపెనీలు ఇంకా ఈ ప్యాకేజీ ఎందుకు పెట్టలేదో తెలియదు.

ఇప్పుడు ఈ గీత మీద నిజంగా ఎవరు ఎగరగలరో చూడండి. భారత విమానం బయల్దేరిందనుకుందాం. 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసింది. గీత పట్టుకుని వెళితే మూడో గంటలోనే దారి బంద్. సరే, అమెరికా విమానం ఎక్కుదాం. దానికి పాకిస్తాన్‌తో పేచీ లేదు. కానీ ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022 నుంచి రష్యా ఆకాశం అమెరికా, యూరప్ విమానాలకు నిషిద్ధం. అది ఐదో గంటలో ఆగాలి. అంటే ఆ పదహారు గంటల దారిలో మన విమానం కే2 దగ్గరా, వాళ్ళ విమానం సైబీరియా గుమ్మం దగ్గరా నిలబడి ఒకదాని మొహం ఒకటి చూసుకోవాలి. ఇక ఎవరితోనూ శత్రుత్వం లేని ఏ గల్ఫ్ విమానమో ఈ గీత మీద వెళుతుందనుకున్నా, కారకోరం మీద నడిపించడానికి పైలట్ ఒప్పుకోవాలి. విమానంలో గాలి పీడనం పడిపోతే, మొహాల ముందు వేలాడే మాస్కులు ఆక్సిజన్ ఇచ్చేది పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. ఆలోగా మూడు వేల మీటర్ల ఎత్తుకు దిగిపోవాలి. కింద ఉన్నది ఎనిమిది వేల మీటర్ల కొండ. దిగడానికి చోటెక్కడ? అందుకే విమానాలు సాధారణంగా ఆ కొండలకు ఆమడ దూరంలో తిరుగుతాయి.

గీతకు ఇవేవీ తెలియవు. గీతకు యుద్ధాలు లేవు, కొండల్లేవు, గాలి లేదు. గీత ఒక ఆదర్శ పౌరుడు.

అంకెకీ ఆకాశానికీ మధ్య తేడా ఎంతో తెలియాలంటే, మన పొరుగు రాష్ట్రానికి వచ్చిన ఒక విమానాన్ని చూడాలి. 2021 జనవరి 11న శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా ఎయిరిండియా విమానం బెంగళూరులో దిగింది. నడిపినవాళ్ళంతా మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో నలుగురు. అందులో ఒకరు పాపగారి తన్మయి, పేరు వినగానే మన ఛాతీ ఎందుకు ఉబ్బుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ రెండు ఊళ్ళ మధ్య గీత దూరం 14,000 కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఆ రోజు వాళ్ళు ఎగిరింది దాదాపు 16,000. రెండు వేల కిలోమీటర్లు ఎక్కడికి పోయాయి? గాలివాటం చూసుకోవడానికి పోయాయి, చలికి ట్యాంకులో ఇంధనం గడ్డకట్టకుండా చూసుకోవడానికి పోయాయి, ఇంజన్ మొరాయిస్తే దిగడానికి ఒక ఊరు అందుబాటులో ఉంచుకోవడానికి పోయాయి. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి రెండు వేల ఐదు వందలని గుర్తుపెట్టుకుంటే, ఆ "కాస్త తేడా" ఎంతో అర్థమవుతుంది.

దిగడానికి ఊరు అన్నది తేలిక మాట కాదు. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళుతున్న విమానం ఇంజన్ సమస్యతో రష్యా తూర్పు అంచున మగదాన్‌లో దిగింది. ఒకప్పుడు స్టాలిన్ ఖైదీలను దింపిన రేవు అది. 216 మంది ప్రయాణికులు అక్కడ హాస్టళ్ళలో, బడి గదుల్లో నేల మీద పరుపులేసుకుని పడుకున్నారు. ఇంకో విమానం వచ్చి వాళ్ళను తీసుకెళ్ళేసరికి రెండు రోజులు. వాళ్ళ ఫోన్లలో మాత్రం ఆ రెండు రోజులూ ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి గంటల అంకె చెక్కుచెదరకుండా ఉండే ఉంటుంది.

విమాన సంస్థల లెక్క ఇంకో రకం. వాళ్ళ దృష్టిలో ప్రయాణమంటే విమానం ఈ గేటు వదిలి కదిలినప్పటి నుంచి ఆ గేటు దగ్గర ఆగేదాకా. దానికి ముందూ వెనకా ప్రయాణికుడికి ఆయుష్షు లేదు. ఆ గంటల్లోనూ ముందు జాగ్రత్తగా కొంత కలిపి టైమ్‌టేబుల్ వేస్తారు. ఆలస్యంగా బయల్దేరి కూడా "మనం ఇరవై నిమిషాలు ముందే వచ్చేశాం" అని పైలట్ గర్వంగా ప్రకటిస్తాడు. జనం చప్పట్లు కొడతారు. తమ జేబులోంచి తీసిన ఇరవై నిమిషాలు తమకే బహుమతిగా తిరిగొచ్చాయని ఎవరికీ తట్టదు. అమెరికాలో పావుగంట లోపు ఆలస్యం అసలు ఆలస్యమే కాదని ప్రభుత్వం లెక్క. మన పెళ్ళిళ్ళకు ఈ నియమం పెడితే సగం ముహూర్తాలు గట్టెక్కుతాయి.

దూర ప్రయాణాన్ని గీత గీసి చెప్పకూడదని వాల్మీకికి ఎప్పుడో తెలుసు. హనుమంతుడు నూరు యోజనాలు దాటాడన్న ఒక్క మాటతో సుందరకాండ మొదటి సర్గ ముగించవచ్చు. ముగించలేదు. మహేంద్రగిరి మీద కాళ్ళు కూడదీసుకోవడం దగ్గర్నుంచి దారిలో జరిగినవన్నీ పూసగుచ్చాడు. మధ్యలో మైనాకుడు సముద్రంలోంచి లేచి, కాస్త విశ్రాంతి తీసుకుని పళ్ళు తిని వెళ్ళమన్నాడు. అది లాంజ్. హనుమంతుడు చేత్తో తాకి, మర్యాదగా వద్దన్నాడు. తర్వాత సురస నోరు తెరిచి, ఇందులోకి దూరి బయటికొస్తే గానీ పంపనంది. బెల్టూ బూట్లూ విప్పి స్కానర్‌లో నిలబడ్డ ఎవరికైనా ఆవిడ గుర్తొస్తుంది. ఆపైన సింహిక, నీడను పట్టుకుని ఆపేసే రాక్షసి. తన మీదుగా ఎవరూ ఎగరకూడదని గగనతలం మూసేసే దేశాలకు మూలపురుషురాలు ఆవిడే. ఇన్నీ గడిచి లంక గుమ్మంలోకి వెళితే లంకిణి నిలబెట్టి అడిగింది, ఎవరు నువ్వు, ఎందుకొచ్చావని. హనుమంతుడు ఏమన్నాడు? ఊరు చూడాలని వచ్చాను, చూసి వచ్చిన దారినే వెళ్ళిపోతానన్నాడు. నానక్‌రామ్‌గూడ అమెరికన్ కాన్సులేట్ ముందు వరుసలో నిలబడ్డ అమ్మమ్మలకు కన్సల్టెన్సీవాళ్ళు బట్టీ పట్టించే జవాబు అక్షరాలా ఇదే. అసలు కారణం అవతల సీతమ్మ ఉందని ఆయనా చెప్పలేదు. అవతల కూతురికి తొమ్మిదో నెలని వీళ్ళూ చెప్పరు.

ఆ అమ్మమ్మ ప్రయాణం గురించే మాట్లాడుకుందాం. ఊరు భీమవరం అనుకోండి. రాత్రంతా ఇన్నోవాలో హైదరాబాద్ రావాలి. సాగనంపడానికి ఇంకో బండి నిండా బంధువులు. షంషాబాద్‌లో విమానానికి మూడు గంటల ముందు ఉండాలి, కొడుకు ఐదు గంటల ముందు ఉండమన్నాడు కాబట్టి ఏడు గంటల ముందే ఉంటారు. నగరంలోంచి వచ్చేవాళ్ళకు ఆర్టీసీ వేసిన బస్సు పేరు పుష్పక్. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండే విమానం పేరు బస్సుకి పెట్టి, అలాంటి చోటు ఎన్నడూ లేని విమానం దగ్గర దింపడంలో ఆర్టీసీకి హాస్యప్రియత్వం లేదని ఎవరన్నారు? లోపల ఇరవై మూడు కిలోల చొప్పున రెండు పెట్టెలు తూకం వేస్తారు. ఇంట్లో స్ప్రింగు త్రాసు మీద ఇరవై రెండున్నర తూగిన పెట్టె కౌంటర్ దగ్గర ఇరవై నాలుగున్నర తూగుతుంది. అక్కడే నేల మీద పెట్టె విప్పి, పది మంది చూస్తుండగా ఆవకాయ సీసాకూ చీరకూ మధ్య ఎవరు ఉండాలో తేల్చాలి. ఎప్పుడూ చీరే ఓడిపోతుంది.

దుబాయ్‌కి నాలుగు గంటలు. అక్కడ మూడు గంటలు కూర్చోవాలి, కలిసిరాకపోతే పది. ఆపైన దుబాయ్ నుంచి డాలస్‌కి ఎంతో తెలుసా? దాదాపు పదహారు గంటలు! ఇంటి దగ్గర ఫోన్ చెప్పిన అంకె అబద్ధం కాదు, అది కాస్త ఆలస్యంగా దుబాయ్‌లో మొదలవుతుంది. చిత్రమేమిటంటే దుబాయ్ మీదుగా చుట్టు తిరిగితే పెరిగే దూరం వెయ్యి కిలోమీటర్లకు కాస్త పైన, గంటా పావుగంటా ప్రయాణం. మిగతా పొద్దంతా కుర్చీల్లో, వరుసల్లో, కాగితాలు చూపించడంలో పోయేదే. వాటికి కిలోమీటర్లు లేవు కాబట్టి ఏ లెక్కలోనూ చేరవు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ విమానాశ్రయాల్లో చక్రాల కుర్చీల్లో వరసగా కూర్చున్న మన పెద్దవాళ్ళను చూసి, నడవగలిగీ కుర్చీ అడుగుతారని సాటి తెలుగువాళ్ళే నవ్వుతారు. ఆ అమ్మమ్మకు కాళ్ళు బాగానే ఉన్నాయి. పొలం గట్ల మీద నేటికీ మీకంటే వేగంగా నడుస్తుంది. కానీ ఆ బోర్డులు చదవలేదు, మైకులో అరిచేది అర్థం కాదు, గేటు మారిందని ఎవరూ తెలుగులో చెప్పరు. కుర్చీతోపాటు దాన్ని తోసే మనిషి వస్తాడు. ఆవిడకు కావలసింది ఆ మనిషి. గగనయాన ప్రపంచం మొత్తంలో ఆమె కోసం ఉన్న ఏకైక ఏర్పాటును ఆమె సొంత తెలివితో కనిపెట్టుకుంది. నవ్వాలనిపిస్తే ఆ బోర్డులు పెట్టినవాణ్ణి చూసి నవ్వండి.

ఇదంతా వీసా చేతిలో ఉన్నవాళ్ళ సంగతి. 2022 చివర్లో పర్యాటక వీసా ఇంటర్వ్యూకి మన నగరాల్లో నిరీక్షణ తొమ్మిది వందల రోజులు దాటింది. విమానం పదహారు గంటలు, వరుస రెండున్నరేళ్ళు. పురుటికి వెళదామని దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకు ఇంటర్వ్యూ తేదీ వచ్చేసరికి పిల్లాడు ప్రీస్కూల్‌లో పద్యాలు చెబుతుంటాడు. చిలుకూరు బాలాజీ దగ్గర పదకొండు ప్రదక్షిణలు, కోరిక తీరాక నూట ఎనిమిది. ఆ ప్రదక్షిణల దూరాన్ని కూడా ఫోన్ కలపాలి. భక్తుడు నడిచినవే కదా.

పోతే, ఆ పదహారు గంటల అంకె జీవితంలో ఒకే ఒక్కసారి నిజంగా అవసరమైంది. 2025 సెప్టెంబరు 19న హెచ్-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్లు కట్టాలని అమెరికా అధ్యక్షుడు సంతకం పెట్టారు. అమెరికా తూర్పు తీరపు కాలం ప్రకారం 21వ తేదీ మొదలవగానే అమల్లోకి వస్తుందన్నారు. దేశం బయట ఉన్న ఉద్యోగులు వెంటనే తిరిగి రావాలని పెద్ద పెద్ద కంపెనీలు మెయిళ్ళు పంపాయి. మన ఊళ్ళలో అది శనివారం తెల్లవారుజాము. మర్నాడు ఎంగిలిపూల బతుకమ్మ. పండక్కి వచ్చినవాళ్ళు నిద్ర కళ్ళతో ఫోన్ చూసుకునేసరికి చేతిలో మిగిలింది ఒక రోజూ, పైన రెండు మూడు గంటలూ. పదహారు గంటలే కదా, బోలెడు టైముంది అనుకోవాలి మరి. ఎవరూ అనుకోలేదు. టికెట్ల ధరలు చూస్తుండగానే రెట్టింపు దాటాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుబాయ్ బయల్దేరబోతున్న విమానంలోంచి కొందరు బితుకుబితుకుమంటూ దిగిపోయారు. ఒక్క రోజు గడిచాక, ఉన్న వీసాలకు ఇది వర్తించదు, కొత్తవాళ్ళకే అని తీరిగ్గా వివరణ వచ్చింది. అప్పటికే సగం ఆకాశంలో ఉన్నవాళ్ళు సగం ఆకాశంలోనే ఉన్నారు. ఆ శనివారం హైదరాబాద్‌కీ డాలస్‌కీ మధ్య దూరం ఎంత? ఒక సంతకమంత.

మూడు నెలలు తిరక్కుండానే డిసెంబరులో ఇంకోటి. సోషల్ మీడియా ఖాతాలు తనిఖీ చేయాలంటూ హెచ్-1బీ స్టాంపింగ్ ఇంటర్వ్యూలను నెలల తరబడి వెనక్కి నెట్టారు. రెండు వారాల సెలవు మీద చెల్లి పెళ్ళికొచ్చిన అన్న, పెళ్ళయ్యాక చెల్లి అత్తారింటికి వెళ్ళిపోయినా తాను పుట్టింట్లోనే ఉండిపోయాడు. వెళ్ళే దారి పదహారు గంటలే ఉంది పాపం, దారి మీద కాలు పెట్టనిచ్చే కాగితమే లేదు.

ఈ భయంతోనే అటువైపు ఉన్నవాళ్ళు కదలడం మానేశారు. తండ్రి పోయాడని కబురు వస్తుంది. వెళితే తిరిగి రానిస్తారో లేదో తెలియదు. ఊళ్ళో ఫ్రీజర్ బాక్స్ తెప్పిస్తారు. ఆ బాక్సులు అద్దెకిచ్చేవాడు అడిగే మొదటి ప్రశ్న "అబ్బాయి అమెరికాలోనాండీ?" అవునంటే ఎన్ని రోజులకో వాడే చెప్పేస్తాడు. గూగుల్‌కి తెలియని ప్రయాణకాలం వాడికి ఖచ్చితంగా తెలుసు. వస్తే మూడు రోజులు, రాకపోతే వీడియో కాల్‌కి ఒక పూట. సెల్‌ఫోన్‌ను వెదురు కర్రకు కట్టి పాడె పక్కన నిలబెట్టడానికి ఇప్పుడు ప్రతి ఊళ్ళో ఒక కుర్రాడున్నాడు.

ఇన్ని తెలిసీ మనం ఆ అంకెను ఎందుకు పట్టుకు వేళ్ళాడతాం? కొడుకు దూరంగా ఉన్నాడని ఒప్పుకోవడం కంటే పదహారు గంటల్లో ఉన్నాడనుకోవడం తేలిక కాబట్టి. ఆ తేలికను అమ్ముకునేవాళ్ళు కూడా ఉన్నారు. అమెరికాలో తెలుగు సభలు జరిగినప్పుడల్లా మన నాయకుడొకాయన వేదికెక్కి, హైదరాబాద్ నుంచి మీ ఊరికి నేరు విమానం తెస్తానని మాటిస్తాడు. మరొకాయన, అమరావతి నుంచే తెస్తానంటాడు. అమరావతికి దగ్గరి గన్నవరం విమానాశ్రయానికి 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది. మరుసటి ఏడాది డిసెంబరులో సింగపూర్‌కి విమానం పెట్టారు, సీట్లు మిగిలితే నష్టం ప్రభుత్వం భరిస్తుందన్న పూచీ మీద. ఏడాది తిరక్కుండా అదీ ఆగింది. అప్పట్లో సింగపూర్‌కి నిలవని విమానం డాలస్‌కి ఎలా నిలుస్తుందని సభలో ఎవరూ లేచి అడగరు. అంత దూరం ఎగిరే విమానాలు లోకంలో లేకపోలేదు, సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు పద్దెనిమిది గంటలపైన ఆగకుండా రోజూ ఎగురుతున్నాయి. కానీ వాటి ఖర్చు గిట్టేది ముందు వరుసల్లో కాళ్ళు చాపుకుని పడుకునేవాళ్ళ డబ్బుతో. మనం కూర్చునేది వెనక, ఆవకాయ సీసాలతో.

నాయకుడి మాటకు హాలంతా లేచి చప్పట్లు కొడుతుంది. "పదహారు గంటల్లో మీ అమ్మ ఒళ్ళో ఉంటారు!" అనగానే ముందు వరుసల్లో కళ్ళు తుడుచుకుంటారు. మర్నాడు ఆయన తిరుగు ప్రయాణం దోహా మీదుగా, బిజినెస్ క్లాసులో. మధ్యలో ఆరు గంటలు ఖాళీ. హనుమంతుడు వద్దన్న మైనాకుడి ఆతిథ్యాన్ని ఆయన మాత్రం వద్దనడు. రెండో ప్లేటు కూడా పెట్టించుకుంటాడు.